గడ్డి కుళ్లబెట్టే మందు కొట్టిన చేలో మొక్కజొన్న ఎందుకు పసుపెక్కింది: ఒక పొలం కేస్ స్టడీ

విశాఖ చుట్టుపక్కల వరి కోసిన తర్వాత గడ్డిని తగలబెట్టకుండా, సీసాల్లో వచ్చే సూక్ష్మజీవుల మందు కొట్టి నేలలోనే కుళ్లబెట్టాలని చూసే రైతులు నాకు ఇప్పుడు తరచుగా తగులుతున్నారు. మంచి మార్పే. కానీ వాళ్లలో కొందరు మొదటి ఏడాదే దెబ్బతిని, "ఆ సీసాలన్నీ మోసం సార్" అని మళ్లీ నిప్పు పెట్టేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. నేను మట్టి పరీక్షలు, ఎరువుల సలహాల పనిలో ఉన్నాను. ఈ ఒక్క కేసునే పూర్తిగా రాయడానికి కారణం ఏమిటంటే, ఇందులో మందు నకిలీది కాదు, రైతు నిర్లక్ష్యం చేసినవాడు కాదు, అయినా పంట దెబ్బతింది. అది ఎలా జరిగిందో విడదీసి చూస్తే సూక్ష్మజీవుల మందులు ఏం చేయగలవో, ఏం చేయలేవో తేలిపోతుంది. రైతు ఎవరో తెలియకుండా ఊరి పేరు, మరికొన్ని వివరాలు వదిలేశాను.

నేపథ్యం

పొలం గోస్తనీ నది పరీవాహకంలో ఉంది. సుమారు నాలుగు ఎకరాలు, బోరు ఉంది. మూడొంతులు ఎర్ర గరప నేల, చివర ఉన్న పల్లపు మడి మాత్రం కాస్త బంక, వానొస్తే నీళ్లు త్వరగా దిగవు. ఖరీఫ్‌లో వరి, రబీలో మొక్కజొన్న. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపే, అంటే తక్కువ కిందే లెక్క.

ఒకప్పుడు ఈ ఇంట్లో గడ్డి ఒక సమస్యే కాదు. మనుషులు కోసి, కట్ట కట్టి, నూర్చి, కుప్ప వేస్తే ఏడాదంతా పశువులకు మేత. తర్వాత పశువులు పోయాయి, కూలీలు దొరక్క కోత మిషన్ వచ్చింది. మిషన్ కోస్తే మోకాలి ఎత్తున కొయ్యకాళ్లు నిలబడి ఉంటాయి, వాటి మీద నలిగిన గడ్డి పడి ఉంటుంది. కొన్నేళ్లు ఆయన కూడా అందరిలాగే తగలబెట్టాడు. ఒకసారి గాలికి మంట గట్టు దాటి పక్కవాళ్ల జీడిమామిడి చెట్లకు అంటుకుంది. ఊళ్లో పెద్ద మాటలే అయ్యాయి. అప్పటి నుంచి ఆయన భార్య పొలంలో నిప్పు పెట్టనివ్వలేదు.

అలా ఆయన కుళ్లబెట్టే మందుల వైపు వచ్చాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు పూసా డీకంపోజర్ అని క్యాప్సూల్స్ తయారు చేయడం, 2020లో ఢిల్లీ ప్రభుత్వం వాటితో పొలాల్లో స్ప్రే చేయించడం, 20-25 రోజుల్లో గడ్డి మెత్తబడుతుందని చెప్పడం ఇవన్నీ ఆయనకు నాకన్నా వివరంగా గుర్తున్నాయి. చివరికి ఆయన తెచ్చుకున్నది వేస్ట్ డీకంపోజర్. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం బయటకు తెచ్చిన చిన్న సీసా అది. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం కరిగించి, సీసాలోది కలిపి, రోజూ రెండు పూటలా కలియబెడితే వారం లోపల ద్రావణం తయారవుతుంది. అనకాపల్లి పక్కనే ఉంది కాబట్టి బెల్లానికి ఇబ్బంది లేదు. ద్రావణం చక్కగానే తయారైంది.

సమస్య ఎలా నా దగ్గరకు వచ్చింది

జనవరి చివర్లో ఫోన్ చేశాడు. "ఏటి సారూ ఇది, డబ్బులెట్టి మందు కొడితే గడ్డి అలాగే ఉంది, మొక్కజొన్న మాత్రం పసుపెక్కిపోయింది. ఆ పురుగులేవో యేర్లు తినేస్తన్నాయంటావా?"

పురుగులు అంటే ఆయన ఉద్దేశం సూక్ష్మజీవులు. ఈ భయం ఆయన ఒక్కడిదే కాదు. గడ్డిని తినే జీవి పచ్చి మొక్కను తినదా అని చాలామందికి అనుమానం, అడగడానికి మొహమాటం. చచ్చిన గడ్డి మీద బతికే శిలీంధ్రాలు (బూజు జాతి జీవులు) వేరు, బతికున్న మొక్క మీద దాడి చేసే తెగులు శిలీంధ్రాలు వేరు. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రంలాంటివైతే తెగులు శిలీంధ్రాల్నే అణిచివేస్తాయి. ఆ మాట చెప్పాను గానీ, నోటిమాటగా చెబితే నమ్మకం కుదరదు కదా, పొలం చూడాలి.

అప్పటికే ఎరువుల కొట్టువాళ్లు జింకు లోపమని చెప్పి జింకు సల్ఫేట్ కొట్టించారు. పక్క చేను రైతు మాత్రం డీకంపోజరే కారణమని తేల్చేశాడు. ఇంకొకరు నీళ్లు ఎక్కువయ్యాయన్నారు. అంటే నా ముందు నాలుగు కారణాలున్నాయి: వాళ్లు చెప్పిన మందు, జింకు, నీళ్లు, నేను అనుమానించిన నత్రజని. వీటిలో ఒక్కోదాన్ని కొట్టేసుకుంటూ పోవాలి.

చేలో ఏం కనిపించింది

ముందు ఆకులు. జింకు లోపమైతే లేత ఆకుల మొదట్లో, నడి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు రావాలి, మొవ్వు పాలిపోవాలి. ఇక్కడ మొవ్వు ఆకుపచ్చగానే ఉంది. పసుపు కింది ఆకుల్లో ఉంది, అదీ ఆకు కొన నుంచి నడి ఈనె వెంట లోపలికి, ఇంగ్లిషు వి అక్షరంలా. అది నత్రజని లోపానికి గుర్తు. మొక్కకు నత్రజని చాలకపోతే పాత ఆకుల్లోంచి లాగి కొత్త ఆకులకు ఇచ్చుకుంటుంది, అందుకే కింద మొదలవుతుంది. గంధకం చాలకపోతే దీనికి తిరగబడి లేత ఆకులు ముందు పాలిపోతాయి.

అయితే ఒక చిక్కు ఉంది. నీళ్లు నిలిచినా కింది ఆకులే పసుపెక్కుతాయి. పల్లపు మడికి అది వర్తించవచ్చు గానీ, మెరక గరప నేలలో నీళ్లు నిలిచే ప్రసక్తే లేదు, అక్కడా పసుపు ఉంది. సరే, నత్రజనే అనుకుందాం. కానీ ఆయన దుక్కిలో డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) వేశాడు, నెల లోపు యూరియా కూడా చల్లాడు. మరి ఆ నత్రజని ఎటు పోయింది?

ఇక్కడ ఆయన భార్య అన్న మాట దారి చూపించింది. "చేనంతా ఒక్కలా లేదండి, చారలు చారలుగా ఉంది చూడండి" అన్నది. నిజమే. గట్టు మీద నిలబడి చూస్తే ఒక పట్టీ పసుపు, ఒక పట్టీ ఆకుపచ్చ, మళ్లీ పసుపు. కోత మిషన్ ఎటు నుంచి ఎటు నడిచిందని అడిగితే సరిగ్గా ఆ దిక్కే. మిషన్ వెనక నుంచి నలిగిన గడ్డి వరుసగా పడుతుంది. ఆ గడ్డి పడ్డ పట్టీల్లోనే పసుపు, మధ్యలో ఉత్త కొయ్యకాళ్లు మాత్రమే ఉన్న చోట పైరు ఆకుపచ్చగా ఉంది.

మందు తప్పా కాదా అనేది ఈ చారలే తేల్చాయి. డీకంపోజర్ ఆయన చేనంతా ఒకే తీరున కొట్టాడు. మందు వల్ల చెడితే చేనంతా ఒకే తీరున చెడాలి. గడ్డి ఎక్కువున్న చోటే చెడిందంటే విషయం గడ్డిలో ఉంది. పసుపు పట్టీలో గునపంతో తవ్వి చూస్తే, నాలుగైదు అంగుళాల లోతున రోటవేటర్ (ట్రాక్టర్‌కు తగిలించి మట్టిని తిరగేసి కలిపే పరికరం) కలిపిన గడ్డి పోగులు పోగులుగా ఉంది, రంగు మారింది గానీ చేత్తో లాగితే తెగడం లేదు. మొక్కజొన్న వేర్లు ఆ పోగుల మధ్యే తిరుగుతున్నాయి.

అయినా అక్కడికక్కడ తీర్పు చెప్పకుండా చిన్న పరీక్ష పెట్టించాను. ఒకే పసుపు పట్టీలో కొన్ని సాళ్లకు యూరియా వేసి మట్టి కప్పి తడి ఇచ్చాం, కొన్ని సాళ్లకు జింకు మళ్లీ కొట్టాం, కొన్ని ఊరికే వదిలేశాం. వారం దాటేసరికి యూరియా సాళ్లు తేరుకున్నాయి. జింకు సాళ్లకూ వదిలేసిన వాటికీ తేడా లేదు.

నత్రజని ఎక్కడికి పోయింది

వరిగడ్డిలో సుమారు 40 శాతం కర్బనం ఉంటుంది, నత్రజని అర శాతం, కాస్త పైన. అంటే టన్ను గడ్డిలో 400 కిలోల కర్బనానికి 5 కిలోల నత్రజని అనుకోండి, నిష్పత్తి 80కి 1. సూక్ష్మజీవి ఒంట్లో మాత్రం ఎనిమిది పది పాళ్ల కర్బనానికే ఒక పాలు నత్రజని ఉంటుంది. తిన్న కర్బనంలో చాలా భాగం గాలిలోకి వదిలేస్తుంది కాబట్టి, దానికి 25-30కి 1 ఉన్న మేత సరిగ్గా సరిపోతుంది. 80కి 1 ఉన్న గడ్డి దొరికితే కర్బనం దండిగా ఉంది, నత్రజని లేదు. ఆ లోటు చుట్టూ ఉన్న మట్టిలోంచి తెచ్చుకుంటుంది. రైతు వేసిన యూరియా, డీఏపీల్లోని నత్రజని అక్కడికే పోయింది. లేత మొక్కజొన్న వేరు కన్నా సూక్ష్మజీవి ముందుంటుంది, ఆ పోటీలో మొక్క గెలవదు.

ఆ నత్రజని పోయినట్టు కాదు. సూక్ష్మజీవుల ఒంట్లో ఉంది, అవి చచ్చాక మళ్లీ నేలలోకి వస్తుంది. కాకపోతే మొక్కజొన్నకు మోకాలి ఎత్తులో కావాల్సింది కంకి పాలు పోసుకునేటప్పుడు వస్తే ఏం లాభం. మొక్కజొన్నతో వచ్చే చిక్కే అది, మొదటి నలభై రోజుల్లో ఆకలి పడితే తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా కోలుకోదు. ఆ ఏడాది ఆయన యూరియా విడతలు పెంచి పంటను నిలబెట్టుకున్నాడు, కానీ పసుపు పట్టీల్లో కంకులు చిన్నవే వచ్చాయి.

ఇక్కడ ఒక తిరకాసు గమనించండి. డీకంపోజర్ బాగా పనిచేసి ఉంటే, విత్తిన వెంటనే నత్రజని లాగడం ఇంకా ఎక్కువయ్యేది. గడ్డి ఎంత వేగంగా కుళ్లితే అంత వేగంగా నత్రజని లాగుతుంది. కాబట్టి "మంచి మందు కొంటే సరిపోయేది" అనేది సరైన ఆలోచన కాదు. విత్తే రోజుకి ఆ లాగుడు దాటిపోయి ఉండాలి, లేదా దానికి కావాల్సిన నత్రజని విడిగా పెట్టాలి. ఈ ఒక్కటి రైతుకి అర్థం కావడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. అర్థమయ్యాక మిగతా నిర్ణయాలన్నీ ఆయనే చకచకా తీసుకున్నాడు.

మరి గడ్డి ఎందుకు కుళ్లలేదు

డిసెంబర్‌లో కోత అయ్యాక చేను పొడిగా ఉంది. ఆ పొడి గడ్డి మీద మిట్టమధ్యాహ్నం స్ప్రే చేశారు. గడ్డి మీద పడ్డ తడి సాయంత్రానికల్లా ఆరిపోతుంది, ఎండకు సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. శిలీంధ్రం మొలకెత్తి గడ్డిలోకి దూరాలంటే రోజుల తరబడి తేమ ఉండాలి. పైగా వరిగడ్డి మీద సిలికా పొర గట్టిగా ఉంటుంది, పోచ నలగకుండా ఉంటే లోపలికి దారి దొరకదు. కొయ్యకాళ్లయితే నిలబడే ఉన్నాయి, మట్టి తగలనే లేదు.

ఇంకో విషయం అడిగి తెలుసుకున్నది. కోతకు కొద్ది వారాల ముందు గింజ మచ్చ తెగులుకని ప్రొపికొనజోల్ కొట్టారు. అదే పవర్ స్ప్రేయర్‌తో, ఉత్త నీళ్లతో ఒకసారి కడిగి, డీకంపోజర్ కొట్టారు. ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్, కార్బండజిమ్ ఇవన్నీ శిలీంధ్రాన్ని చంపడానికే తయారైనవి, తెగులు శిలీంధ్రమా గడ్డి కుళ్లబెట్టే శిలీంధ్రమా అని అవి చూడవు. దీని వల్ల ఎంత నష్టం జరిగిందో ఈ పొలంలో కొలవలేదు, కానీ జాగ్రత్త పడటానికి ఖర్చేమీ లేదు కాబట్టి తర్వాతి ఏడాది దీనికి వేరే డ్రమ్ము, వేరే స్ప్రేయర్ పెట్టాం.

ఇవన్నీ సరే, అసలు సమయమే ఇవ్వలేదు. సాగు చేసింది స్వర్ణ, దాదాపు 150 రోజుల రకం. కోత ఆలస్యం, మొక్కజొన్న విత్తడానికి తొందర. స్ప్రే చేసిన మూడో నాలుగో రోజున రోటవేటర్, ఆ వెంటనే విత్తనం. 20-25 రోజులు అన్న మాట వీడియోలో విన్నాడు, తన క్యాలెండర్‌లో దానికి చోటు ఉందా అని చూసుకోలేదు.

రెండో ఏడాది: పనిచేయనివి

తేమ కావాలని తెలిసింది కదా అని, కోత అవ్వగానే ఆయన పల్లపు మడికి నీళ్లు పెట్టి నిలవగట్టాడు. వరి రైతుకి అది సహజమైన ఆలోచన. పదిరోజులకి మడిలో అడుగు పెడితే బుడగలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గడ్డి బయట నల్లబడింది, లోపల పోచ గట్టిగానే ఉంది. నీళ్లు నిలిస్తే మట్టిలోకి గాలి పోదు. గాలి లేకపోతే గడ్డిని చీల్చగల శిలీంధ్రాలు పనిచేయవు, ముఖ్యంగా లిగ్నిన్ అనే గట్టి పదార్థం గాలి లేని చోట దాదాపు కదలదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మాత్రం పనిచేసి మీథేన్, సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఇవి వేర్లకు చేటు. కావాల్సింది పదును, పిండితే నీళ్లు కారకుండా ముద్ద కట్టే తడి. నీళ్లు తీసి ఆరబెట్టేసరికి ఆ మడికి కేటాయించిన సమయం అయిపోయింది.

చేను మూలన పోగు వేసి కంపోస్టు చేయడం కూడా చూశాం. గడ్డి పొర, పేడ నీళ్లు, డీకంపోజర్ ద్రావణం, మళ్లీ గడ్డి, మధ్యలో తిరగేయడం. అది చక్కగా కుళ్లింది, వేడెక్కింది, సందేహం లేదు. కానీ గడ్డి మోయడానికీ, తిరగేయడానికీ, మళ్లీ చల్లడానికీ మనుషులు కావాలి. మనుషులు దొరక్కే కదా కోత మిషన్ తెచ్చింది. ఆ దంపతులు ఇద్దరే చేసుకోగలిగినంత, అంటే కూరగాయల మళ్లకు సరిపడేంత మాత్రం ఇప్పటికీ చేస్తున్నారు.

ఒక మూల దున్నకుండా, గడ్డి పైనే ఉంచి మొక్కజొన్న గుచ్చి విత్తాం. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. గడ్డి మట్టిలో కలవలేదు కాబట్టి మట్టికి ఆనుకున్న పొర మాత్రమే నెమ్మదిగా కుళ్లుతుంది, నత్రజని లాగుడు తక్కువ, తేమ నిలుస్తుంది. పసుపు రానేలేదు. కానీ గడ్డి కింద ఎలుకలు చేరి విత్తనం తినేశాయి, మళ్లీ సందులు పూడ్చాల్సి వచ్చింది. ఎలుకల బెడద తక్కువున్న పొలమైతే నేను మొదట దీన్నే చెబుతాను, ఈ పొలంలో ఆయన వద్దన్నాడు.

పనిచేసింది

మూడో ఖరీఫ్‌కి ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. మొదటి నిర్ణయం మందు గురించి కాదు, వరి రకం గురించి. మెరక నేలలో స్వర్ణ బదులు ఎంటీయూ 1121 వేశాడు, అది సుమారు 125 రోజులు. దాంతో మూడు వారాల పైన ఖాళీ దొరికింది. ఆ సమయంలో మన దగ్గర పగలు 28 డిగ్రీల పైన, రాత్రి 20కి అటూ ఇటూ ఉంటుంది, సూక్ష్మజీవులకు బాగా అనువైన వేడి. పంజాబ్, హర్యానాల్లో నవంబర్ చలిలో గోధుమ విత్తాల్సిన రైతుతో పోలిస్తే మనం చాలా నయం.

రెండోది, గడ్డి ఎంత ఉంచాలి అని. ఎకరానికి రెండు టన్నుల ధాన్యం వస్తే గడ్డి కూడా రెండు టన్నులకు తగ్గదు. మొత్తం తీసేస్తే గొడవే లేదు కదా అని ఆయన అడిగాడు. సబబైన ప్రశ్నే. కానీ టన్ను గడ్డిలో 15-20 కిలోల పొటాష్ ఉంటుంది. అది కుళ్లే దాకా ఆగనక్కర్లేదు, నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటుంది కాబట్టి తడి తగిలితే చాలావరకు నేలలోకి దిగిపోతుంది. కర్బనం తక్కువున్న గరప నేలకి గడ్డి పూర్తిగా దూరం చేయడం నాకు ఇష్టం లేదు. అలాగని అంతా కలిపితే మూడు వారాల్లో జీర్ణం కాదు. అందుకని మిషన్ వెనక పడిన వదులు గడ్డిలో ఎక్కువ భాగం కట్టలు కట్టే మిషన్‌తో తీయించి పాడి ఉన్నవాళ్లకు అమ్మేశాడు, కొయ్యకాళ్లు, మిగిలిన గడ్డి నేలకే వదిలాం. వదులు గడ్డి తీసేయడంతో చారల సమస్య మూలంలోనే పోయింది.

తర్వాత వరుస ఇది. బోరు నీళ్లతో తేలిక తడి, పదును వచ్చేదాకా ఆగడం. టన్ను గడ్డికి 8 కిలోల నత్రజని లెక్కన, అంటే 17 కిలోల యూరియా, చల్లడం. భాస్వరం ఎరువైన సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎలాగూ దుక్కిలో వేయాల్సిందే కాబట్టి అప్పుడే వేశాం. సాయంత్రం ఎండ తగ్గాక డీకంపోజర్ ద్రావణం ఎకరానికి 200 లీటర్లు, గుడ్డలో వడగట్టి, కొయ్యకాళ్లు తడిసేలా. పొద్దున్నే ఎండ ముదరకముందు రోటవేటర్. యూరియాను పైన వదిలేస్తే అమ్మోనియాగా గాలిలోకి పోతుంది కాబట్టి రోటవేటర్ ఆలస్యం చేయకూడదు. ద్రావణంలో యూరియా కలిపి ఒకేసారి కొడతానని ఆయన అంటే వద్దన్నాను, చిక్కటి ఎరువు నీళ్లలో సూక్ష్మజీవులను ముంచడం ఎందుకు, విడిగా చల్లితే పోయేదేముంది. మధ్యలో పైన మట్టి ఆరిపోయిందని మరో తేలిక తడి ఇచ్చాడు.

ఈ యూరియాను ఆయన అదనపు ఖర్చు అనుకున్నాడు, మొదట ఒప్పుకోలేదు. మొక్కజొన్నకు వేసే మొత్తంలోంచే కొంత ముందుకు జరుపుతున్నాం, చివరి విడతలో తగ్గిస్తాం అని లెక్క వేసి చూపించాక సరేనన్నాడు.

అసలు పని ఎవరు చేశారు

నాకు ఇంకో ప్రశ్నకు జవాబు కావాలి. కుళ్లడానికి కారణం డీకంపోజరా, తడీ యూరియా రోటవేటరా? అందుకే ఒక మడిలో నాలుగు పట్టీలు పెట్టాం: తడి, రోటవేటర్ మాత్రమే, వాటితో యూరియా, వాటితో డీకంపోజర్, వాటితో రెండూ. ఒక్కో పట్టీలో తూకం వేసిన గడ్డిని నైలాన్ వల సంచుల్లో పెట్టి పాతాం, మధ్యలో కొన్ని, చివర్లో కొన్ని తీసి కడిగి ఆరబెట్టి తూచాం. ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది.

డీకంపోజర్ మాత్రమే కొట్టిన పట్టీకీ, ఏమీ కొట్టని పట్టీకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యూరియా వేసిన పట్టీ స్పష్టంగా ముందుంది. రెండూ కలిపిన పట్టీ దానికన్నా కొద్దిగా ముందుంది, కొన్ని రోజుల తేడా, పోచ చేత్తో నలిపితే పొడి అయ్యింది. ఒక్క మడి, ఒక్క ఏడాది పరీక్షతో పెద్ద మాటలు చెప్పను. కానీ ఇది ఆశ్చర్యపడాల్సిన ఫలితం కాదు. ఎకరంలో పై ఆరు అంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది, మంచి మట్టి ఒక్క గ్రాములోనే కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. కుళ్లబెట్టడానికి జీవుల కొరత లేదు, తేమ, గాలి, నత్రజని, మట్టి తగలడం వీటి కొరత ఉంది. 200 లీటర్ల ద్రావణం అక్కడికి వెళ్లే కొత్త కూలీల గుంపు లాంటిది, తిండి పెట్టకపోతే ఆ గుంపు కూడా పస్తే.

అయితే మందు పనికిరాదని నేను అనను. మట్టి తగలకుండా పోగు వేసిన గడ్డిలో, కంపోస్టు గుంటలో, చెరకు చెత్తలాంటి గట్టి పదార్థంలో బయటి నుంచి వేసిన శిలీంధ్రం తేడా చూపిస్తుంది, ఈ రైతు మూలన వేసిన పోగులోనే అది కనిపించింది. ఇక చేలో విషయానికొస్తే, ఆ చిన్న సీసా ధర, రెండు కిలోల బెల్లం ధర పెద్ద లెక్క కాదు, కొన్ని రోజులు కలిసొస్తే చాలు అని ఆయన వాడుతున్నాడు, నేనూ కాదనలేదు. లీటరుకి వందలు పెట్టి కొనే డబ్బాలు తీసుకొచ్చి చూపిస్తే మాత్రం, ఆ డబ్బుతో రోటవేటర్ ఇంకో చాలు తిప్పించమని చెప్పాను.

ఆ ఏడాది మొక్కజొన్న

మెరక నేలలో చారలు రాలేదు. విత్తే ముందు రోజు తవ్వి చూశాం, పోచ లాగితే తెగుతోంది, మట్టి వాసన వస్తోంది, పుల్లటి వాసన లేదు. విత్తొచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఇప్పుడు ఆయన వాడే పరీక్ష అదే, రోజులు లెక్కపెట్టడం మానేశాడు. ఒక మడిలో గడ్డి ఇంకా గట్టిగా ఉందని మరో నాలుగు రోజులు ఆగి విత్తాడు. నన్ను అడక్కుండానే.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతి కూడా కొంత మారింది. ఎవరైనా గడ్డి కుళ్లే మందు ఏది మంచిది అని ఫోన్ చేస్తే, మందు పేరు చెప్పకుండా ముందు కోతకీ విత్తనానికీ మధ్య ఎన్ని రోజులున్నాయి, ఆ రోజుల్లో నీళ్లు పెట్టగలరా, చివరిసారి ఏ తెగులు మందు కొట్టారు, గడ్డి మిషన్ వెనక వరుసగా పడిందా పరుచుకుందా అని అడుగుతున్నాను. రెండు వారాలు కూడా లేవంటే కలపొద్దనే చెబుతున్నాను, గడ్డి తీసి అమ్మండి లేదా పైనే ఉంచి దున్నకుండా విత్తండి అని. కాండం తొలిచే పురుగు, పాముపొడ తెగులు బాగా వచ్చిన చేను అయితే కొయ్యకాళ్లు అలా నిలబెట్టి ఉంచవద్దంటాను, పురుగు వాటిలోనే దాక్కుంటుంది.

పల్లపు మడి మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ స్వర్ణే వేస్తున్నాడు, నీళ్లు నిలిచే చోట అదే నిలబడుతుందని ఆయన నమ్మకం, అది సరైనదే. కోత ఆలస్యం, పదును రావడం ఆలస్యం, కుళ్లడానికి సమయం లేదు. ఈసారి ఆ మడిలో గడ్డి మొత్తం కట్టలు కట్టించి తీసేసి, మొక్కజొన్న మానేసి, మిగిలిన తేమ మీద మినుములు వేస్తున్నాడు. మినుము తన నత్రజనిని చాలావరకు తానే సమకూర్చుకుంటుంది కాబట్టి కొయ్యకాళ్లతో పోటీ అంతగా ఉండదు. అక్కడ కూడా ఒక పక్కన వల సంచులు పాతి పెట్టాం.